అడగండి, చెబుతాం: వెళ్లేటప్పుడు ఆరున్నర గంటలు, వచ్చేటప్పుడు ఎనిమిది!

ఈ నెల ప్రశ్నల సంచీ విప్పితే చాలామటుకు విమానాల గురించే ఉన్నాయి. పిల్లల దగ్గరికి వెళ్లొచ్చిన అమ్మానాన్నలు, వెళ్లబోతున్నవాళ్లు, ఇక్కడ కూర్చుని ఫోన్‌లో విమానం బొమ్మ చూస్తూ టెన్షన్ పడేవాళ్లు, అందరి అనుమానాలూ ఇంచుమించు ఒకటే: సముద్రం మీద దూరం ఒక లెక్క, టైము ఇంకో లెక్క, ఎందుకని? అందుకే ఈసారి వంటింటి చిట్కాలూ పెన్షన్ ప్రశ్నలూ పక్కన పెట్టి అన్నీ ఇవే తీసుకున్నాం.

ప్రశ్న: మా అమ్మాయి న్యూజెర్సీలో, అబ్బాయి లండన్‌లో ఉంటారు. మొన్న అమ్మాయి దగ్గర్నుంచి అబ్బాయిని చూడ్డానికి వెళ్లి, మళ్లీ అమ్మాయి దగ్గరికి వచ్చాం. న్యూయార్క్ జేఎఫ్‌కే నుంచి లండన్ హీత్రూకి ఆరున్నర గంటల్లో దించారు. తిరుగు ప్రయాణంలో ఎనిమిది గంటలు కూర్చోబెట్టారు. నెట్‌లో చూస్తే దూరం ఒకటే. మరి ఆ గంటన్నర ఎక్కడికి పోయినట్టు? భూమి తిరగడం వల్లనే అంటారు మావారు. నిజమేనా? (రిటైర్డ్ టీచరమ్మ, నరసరావుపేట)

జవాబు: ఆ గంటన్నర గాలికి పోయిందండీ. మాటవరసకి అనడం లేదు, నిజంగానే గాలికి పోయింది.

జేఎఫ్‌కే నుంచి హీత్రూకి సుమారు 5,550 కిలోమీటర్లు. అటు నుంచి కొలిచినా ఇటు నుంచి కొలిచినా అంతే. తిరకాసంతా ‘విమానం గంటకి 900 కిలోమీటర్లు పోతుంది’ అని మనం అనుకునే మాటలో ఉంది. ఆ 900 నేలని బట్టి చెప్పే వేగం కాదు, చుట్టూ ఉన్న గాలిని బట్టి చెప్పేది. ఆ గాలే కదులుతుంటే? గోదావరిలో పడవ ఏటివాలుకి పోయేటప్పుడూ ఎదురెక్కేటప్పుడూ తెడ్డు వేసేవాడి బలం అదే, రేవుకీ రేవుకీ మధ్య దూరం అదే, పట్టే టైము మాత్రం వేరు. ఇక్కడా అంతే.

అట్లాంటిక్ మీద తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో, అంటే సరిగ్గా విమానాలు ఎగిరే ఎత్తులోనే, పడమర నుంచి తూర్పుకి ఒక గాలిప్రవాహం ఉంటుంది. జెట్ స్ట్రీమ్ అంటారు. మామూలు రోజుల్లో గంటకి నూరు, నూటయాభై కిలోమీటర్లు, చలికాలంలో ఒక్కోసారి మూడొందలు కూడా దాటుతుంది. న్యూయార్క్ నుంచి లండన్‌కి వెళ్లేటప్పుడు అది వెనక నుంచి నెడుతుంది, వచ్చేటప్పుడు ఎదురు నిలుస్తుంది.

మీరు టీచరు కాబట్టి లెక్క వేసే చూద్దాం. గాలే లేదనుకుంటే 5,550ని 900తో భాగించాలి, పోను 6 గంటల 10 నిమిషాలు, రాను 6 గంటల 10 నిమిషాలు, మొత్తం 12 గంటల 20 నిమిషాలు. ఇప్పుడు 150 కిలోమీటర్ల గాలి పెట్టండి. వెళ్లేటప్పుడు వేగం 1,050, పట్టేది 5 గంటల 17 నిమిషాలు. వచ్చేటప్పుడు వేగం 750, పట్టేది 7 గంటల 24 నిమిషాలు. కలిపితే 12 గంటల 41 నిమిషాలు! పోయేటప్పుడు కలిసొచ్చింది వచ్చేటప్పుడు పోయే దానికి సరిపోతుందని అనుకుంటాం గానీ సరిపోదు, ఇరవై నిమిషాలు మీదపడతాయి. ఎందుకంటే మేలు చేసే గాలి మనతో తక్కువసేపు ఉంటుంది, కీడు చేసే గాలి ఎక్కువసేపు ఉంటుంది. దీనికి రన్‌వే దాకా పాకడం, పైకెక్కడం, దిగడం కలుపుకుంటే మీరు చెప్పిన ఆరున్నర, ఎనిమిది దగ్గరికి వచ్చేస్తాం.

మీవారికి సగం మార్కులు వేయొచ్చు. భూమి తిరగడం వల్ల లండన్ మనకి ఎదురొస్తుందనో దూరం జరుగుతుందనో అనుకుంటే తప్పు. కానీ ఆ గాలి పడమర నుంచి తూర్పుకే ఎందుకు వీస్తుందంటే మాత్రం భూభ్రమణం పేరు చెప్పాల్సిందే. భూమధ్యరేఖ దగ్గర వేడి, ధ్రువాల దగ్గర చలి, ఈ తేడా వల్ల పై ఎత్తులో గాలి ఉత్తరానికి పోవాలని చూస్తుంది, భూమి తిరుగుతుండటంతో దాని దారి తూర్పుకి మళ్లుతుంది. శీతాకాలంలో ఆ తేడా పెరుగుతుంది కాబట్టి గాలి జోరూ పెరుగుతుంది. మీరు జనవరిలో వెళ్లి ఉంటే రెండు ప్రయాణాలకీ మధ్య తేడా ఇంకా ఎక్కువ కనపడేది.

ఆ గాలి ఎంత పని చేస్తుందో చెప్పడానికి ఒక రికార్డు ఉంది. 2020 ఫిబ్రవరిలో, కియారా అని పేరు పెట్టిన తుపాను అట్లాంటిక్ మీద ఉన్నప్పుడు, బ్రిటిష్ ఎయిర్‌వేస్ బోయింగ్ 747 ఒకటి జేఎఫ్‌కే నుంచి హీత్రూకి 4 గంటల 56 నిమిషాల్లో చేరిపోయింది. ఒక దశలో నేల మీద లెక్కేస్తే దాని వేగం గంటకి 1,300 కిలోమీటర్లు దాటింది. ధ్వని వేగాన్ని మించిపోయిందా అంటే లేదు. గాలితో పోలిస్తే అది ఎప్పటి వేగంతోనే పోయింది, గాలే దాన్ని మోసుకుపోయింది.

కథ చెప్పే ఓపిక ఉంది కాబట్టి ఇంకొక్క ముక్క. ఈ గాలిని 1920ల్లోనే ఒక జపాన్ శాస్త్రవేత్త, వసబురో ఓయిషి, బెలూన్లు ఎగరేసి కనిపెట్టాడు. ప్రపంచమంతా చదవాలన్న ఆశతో తన ఫలితాలని ఎస్పెరాంటోలో, అంటే అన్ని దేశాలవాళ్లకీ ఉమ్మడిగా ఉండాలని తయారుచేసిన భాషలో, అచ్చు వేశాడు. దాంతో ప్రపంచంలో దాదాపు ఎవరూ చదవలేదు. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా బీ-29 విమానాలు జపాన్ మీదకి ఎత్తున వెళ్లి, బాంబులు గురి తప్పుతుంటే, అప్పుడు గానీ ఆ గాలి సంగతి వాళ్లకి గట్టిగా తెలిసిరాలేదు.

ప్రశ్న: హెలికాప్టర్‌లో పైకి లేచి అక్కడే ఆగిపోతే, కింద భూమి తిరిగి అమెరికా మన కిందకి వస్తుంది కదా? అప్పుడు టికెట్ దండగ కదా? (తొమ్మిదో తరగతి విద్యార్థి, భీమవరం)

జవాబు: నాన్నా, ఆలోచన భేషుగ్గా ఉంది. భూమధ్యరేఖ దగ్గర భూమి గంటకి సుమారు 1,670 కిలోమీటర్ల వేగంతో తిరుగుతోంది, నువ్వన్నట్టు జరిగితే ఎవరూ ఇంధనం కొనక్కర్లేదు. కానీ భూమితోపాటు గాలీ తిరుగుతోంది, ఆ గాలిలో ఉన్న హెలికాప్టరూ తిరుగుతోంది. నడుస్తున్న రైలు బోగీలో నువ్వు పైకి ఎగిరితే నిలబడ్డ చోటే దిగుతావు గానీ వెనక బోగీలో పడవు కదా, అదే సంగతి. నువ్వు భీమవరం మీద పైకి లేచి గంట ఆగి కిందకి దిగితే భీమవరంలోనే ఉంటావు, పెట్రోలు మాత్రం అయిపోతుంది.

ప్రశ్న: న్యూయార్క్–లండన్ దూరం ఒక చోట 3,450 అని, ఒక చోట 5,550 అని, విమానాల మీద వచ్చే ఒక వీడియోలో 3,000 అని ఉంది. ఏది నిజం? (కరీంనగర్)

జవాబు: మూడూ నిజమే. మొదటిది మామూలు మైళ్లు, రెండోది కిలోమీటర్లు, మూడోది నాటికల్ మైళ్లు. పైలట్లూ ఓడల కెప్టెన్లూ వాడేది మూడోదే, ఒక్కొక్కటి 1.852 కిలోమీటర్లు. అక్షాంశంలో ఒక డిగ్రీని 60 భాగాలు చేస్తే ఒక్కో భాగం ఒక నాటికల్ మైలు, అందుకే మ్యాపు మీద కొలవడానికి వాళ్లకది వీలు. ఎక్కడ అంకె చూసినా పక్కన ఏ కొలతో రాసి ఉందా లేదా చూడండి, రాయకపోతే ఆ పేజీని నమ్మకండి.

ప్రశ్న: సీటు ముందు టీవీలో దారి చూపిస్తుంటారు. మావాడు శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉంటాడు. వాడి దగ్గరికి వెళ్లేటప్పుడు విమానం తిన్నగా తూర్పుకి పోకుండా ఉత్తరానికి ఎక్కి, మంచు ప్రాంతాల మీదుగా పెద్ద విల్లులాగా వంగి పోయింది. చుట్టూ తిప్పి తీసుకెళ్లి ఎక్కువ డబ్బు గుంజుతున్నారా? (వరంగల్)

జవాబు: డబ్బు గుంజే మార్గాలు వాళ్లకి వేరే ఉన్నాయి లెండి, సామాను బరువు, కాళ్లు చాపుకునే సీటు వగైరా. దారి విషయంలో మాత్రం మిమ్మల్ని మోసం చేయలేదు.

మీ ఇంట్లో పిల్లల గ్లోబు ఉంటే తీసుకోండి, ఒక దారప్పోగు తెచ్చుకోండి. దారం ఒక కొస హైదరాబాద్ మీద, రెండో కొస శాన్‌ఫ్రాన్సిస్కో మీద పెట్టి బిగువుగా లాగండి. వదులుగా ఉన్నంతసేపూ ఎటైనా పోతుంది గానీ బిగించేసరికి తనంతట తానే ఉత్తరానికి జారి టిబెట్, మంగోలియా, సైబీరియా మీదుగా ఆర్కిటిక్ అంచుకెళ్లి, అలాస్కా వైపు నుంచి కిందకి దిగుతుంది. అదే అతి దగ్గరి దారి, లెక్క వేస్తే దాదాపు 13,500 కిలోమీటర్లు. గోడ మీది మ్యాపులో ఇది వంకరగా కనిపించడానికి కారణం, గుండ్రటి భూమిని బల్లపరుపుగా అచ్చు వేయడం కోసం ఉత్తరాన ఉన్న దేశాలన్నిటినీ సాగదీశారు. గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనిపిస్తుంది, నిజానికి ఆఫ్రికాలో పద్నాలుగో వంతు ఉంటుంది. అలాంటి మ్యాపు మీద స్కేలు పెట్టి గీత గీస్తే ఏం లాభం?

న్యూయార్క్–లండన్‌కీ అంతే. ఆ విమానం జేఎఫ్‌కేలో లేవగానే సముద్రం నడిమధ్యకి పోదు, అమెరికా, కెనడా తీరాన్ని పట్టుకుని ఈశాన్యంగా న్యూఫౌండ్‌లాండ్ దాకా పోయి, అక్కణ్నుంచి సముద్రం దాటుతుంది.

అయితే దారం చూపించిన దారిలోనే విమానం పోవాలని రూలేం లేదు. టిబెట్ మీదుగా పోవడానికి చాలా సంస్థలు వెనకాడతాయి. క్యాబిన్‌లో గాలి పీడనం పడిపోతే పైలట్ నాలుగైదు నిమిషాల్లో విమానాన్ని పదివేల అడుగులకి, అంటే మూడు కిలోమీటర్ల ఎత్తుకి, దించాలి. అక్కడ నేలే నాలుగున్నర కిలోమీటర్ల ఎత్తున ఉంటే ఎక్కడికని దించుతాడు?

ప్రశ్న: తక్కువ దూరం ఉన్న దారి వదిలి ఎక్కువ దూరం ఉన్న దారిలో పోతే టైము కలిసొస్తుందని మా కొలీగ్ అంటున్నాడు. ఇదెక్కడి లెక్క? (సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్)

జవాబు: మీ కొలీగ్‌కి ఒక కాఫీ ఇప్పించండి. దీనికి మన దేశంలోనే మంచి ఉదాహరణ ఉంది.

ఎయిర్ ఇండియా ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానం మొదట్లో పడమరగా, అట్లాంటిక్ మీదుగా పోయేది. అది సుమారు 13,900 కిలోమీటర్ల దారి. 2016 అక్టోబరులో దాన్ని తూర్పుకి, పసిఫిక్ మీదుగా తిప్పారు. దూరం ఒక్కసారిగా పెరిగి దాదాపు 15,300 అయింది. అంటే 1,400 కిలోమీటర్లు అదనం, హైదరాబాద్ నుంచి ఢిల్లీకి ఉన్నదానికంటే ఎక్కువ. అయినా విమానం పద్నాలుగున్నర గంటల్లో చేరింది, మునుపటి దారికన్నా గంటా రెండు గంటలు ముందే. తూర్పుకి పోవడంతో దారి పొడుగునా గాలి వెనక నుంచే నెట్టింది, అంతే. ఆ రోజుల్లో ఆగకుండా పోయే రెగ్యులర్ విమానాల్లో అంత దూరం పోయేది మరొకటి లేదు.

సముద్రం మీద ఇది రోజూ జరిగే పనే. ఉత్తర అట్లాంటిక్ మీద గాలి ఎక్కడ ఎంత ఉందో చూసి ప్రతిరోజూ కొత్తగా దారులు గీస్తారు. రాత్రిపూట యూరప్ వైపు పోయే దారులు కెనడాలోని గాండర్ కేంద్రం గీస్తుంది, పగలు అమెరికా వైపు పోయే దారులు బ్రిటన్, ఐర్లాండ్ కలిసి నడిపే షాన్‌విక్ కేంద్రం గీస్తుంది. యూరప్ పోయేవాళ్లని జెట్ స్ట్రీమ్‌లోకి ఎక్కిస్తారు, అమెరికా పోయేవాళ్లని దాని పక్క నుంచి తప్పిస్తారు. అందుకే నరసరావుపేట టీచరమ్మ వెళ్లిన దారీ వచ్చిన దారీ ఒకటి అయి ఉండవు. నెట్‌లో కనిపించే 5,550 అనేది దారం లాగి కొలిచిన దూరం, విమానం నిజంగా ఎగిరేది ఒక్కోరోజు దానికి రెండు మూడొందల కిలోమీటర్లు ఎక్కువే ఉంటుంది. విమాన సంస్థ ఆఫీసులో కూర్చుని దారి లెక్కలు చూసేవాళ్లకి కావలసింది తక్కువ దూరం కాదు, తక్కువ టైము, తక్కువ ఇంధనం.

గాలి ఒక్కటే కాదు, రాజకీయం కూడా దారులు మారుస్తుంది. యుక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక 2022లో అమెరికా, యూరప్ విమానాలకి రష్యా తన ఆకాశం మూసేసింది. హెల్సింకి నుంచి టోక్యోకి తొమ్మిదిన్నర గంటల్లో పోయే ఫిన్‌ఎయిర్ ఉత్తర ధ్రువం మీదుగా పదమూడు గంటలు తిరగాల్సి వచ్చింది. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ మన విమానాలకి దారి మూసినప్పుడు ఢిల్లీ నుంచి అమెరికా పోయే ఎయిర్ ఇండియా విమానాలు కొన్ని వియన్నాలోనో కోపెన్‌హాగన్‌లోనో ఆగి ఇంధనం నింపుకుని పోయాయి. నాన్‌స్టాప్ అని టికెట్ కొన్నవాళ్ల ముఖాలు ఎలా ఉండి ఉంటాయో ఊహించుకోండి.

ప్రశ్న: పెద్ద విమానాలకి కూడా ఇప్పుడు రెండే ఇంజన్లు అంటున్నారు. సముద్రం మధ్యలో ఒకటి ఆగిపోతే గతి ఏమిటి? తలచుకుంటేనే నిద్ర పట్టడం లేదు, వచ్చే నెల ప్రయాణం. (రాజమండ్రి)

జవాబు: అమ్మా, ఒక్క ఇంజన్‌తో కూడా ఆ విమానం గంటల తరబడి ఎగరగలదు. అలా ఎగరగలదని రుజువు చేశాకే దాన్ని సముద్రం మీదకి పంపుతారు.

ఒకప్పుడు రెండు ఇంజన్ల విమానం ఎక్కడున్నా గంటలోపు ఏదో ఒక ఎయిర్‌పోర్టుకి చేరేలా ఉండాలని నిబంధన ఉండేది. దాంతో అట్లాంటిక్‌ని సూటిగా దాటడం కుదిరేది కాదు, అందుకే మూడు, నాలుగు ఇంజన్ల విమానాలదే రాజ్యం. ఇంజన్లు నమ్మకంగా తయారయ్యాక 1985లో దాన్ని రెండు గంటలకి పెంచారు, తర్వాత మూడు గంటలైంది, ఇప్పుడు కొన్ని రకాలకి అయిదు గంటలు దాటింది. ఈ గంటలు ఒకే ఇంజన్ వేగంతో లెక్కవేసినవి. కాబట్టి మీ పైలట్ దగ్గర ప్రతి క్షణం ‘ఇప్పుడేమైనా అయితే ఎక్కడ దిగాలి’ అన్నదానికి జవాబు సిద్ధంగా ఉంటుంది. అట్లాంటిక్‌లో అయితే గాండర్, ఐస్‌లాండ్‌లోని కెఫ్లావిక్, ఐర్లాండ్‌లోని షానన్, మధ్యకి దక్షిణంగా అజోర్స్ దీవులు. 2001 సెప్టెంబరు 11న అమెరికా తన ఆకాశం మూసేసినప్పుడు చిన్న ఊరైన గాండర్‌లో ప్రయాణికులతో వస్తున్న విమానాలు 38 దిగాయి, ఊరివాళ్లు ఆ ప్రయాణికులందరికీ రోజుల తరబడి అన్నం పెట్టారు.

నిజంగా జరిగిందే చెబుతాను, భయపెట్టడానికి కాదు. 2023 జూన్ 6న ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో పోతున్న ఎయిర్ ఇండియా బోయింగ్ 777కి ఒక ఇంజన్‌లో సమస్య వచ్చింది. రష్యా తూర్పు కొసన ఉన్న మగదాన్‌లో దించారు. 216 మంది ప్రయాణికులు, 16 మంది సిబ్బంది, ఒక్కరికీ దెబ్బ తగల్లేదు. అసలు కష్టం దిగాకే మొదలైంది: ఆ ఊళ్లో అంతమందికి సరిపడా హోటళ్లు లేవు, స్కూళ్లలో, హాస్టళ్లలో నేల మీద పరుపులు వేసి పడుకోబెట్టారు, తిండి అలవాటు లేనిది, భాష రాదు. ముంబై నుంచి ఇంకో విమానం వచ్చి తీసుకెళ్లింది. కాబట్టి మీరు నిద్ర మానుకోవాల్సిన పని లేదు గానీ, రెండు రోజులకి సరిపడా మందులూ ఒక జత బట్టలూ మాత్రం కిందకి వేసే పెట్టెలో కాకుండా చేతిసంచీలో పెట్టుకోండి. బీపీ, షుగర్ ఉన్నవాళ్లకి ఈ మాట మరీ మరీ చెబుతున్నాం.

ప్రశ్న: టికెట్ మీద టోక్యోలో సాయంత్రం 5కి బయల్దేరి శాన్‌ఫ్రాన్సిస్కోలో అదే రోజు ఉదయం పదిన్నరకి చేరతారని ఉంది. ప్రింటింగ్ తప్పా? ఏజెంట్ నవ్వుతున్నాడు గానీ చెప్పడం లేదు. (విశాఖపట్నం)

జవాబు: నవ్వే బదులు చెబితే అతని సొమ్మేం పోయింది! తప్పేం లేదు. టికెట్ మీద బయల్దేరే టైము ఆ ఊరి గడియారం ప్రకారం, చేరే టైము ఈ ఊరి గడియారం ప్రకారం రాస్తారు. వేసవిలో టోక్యో శాన్‌ఫ్రాన్సిస్కో కంటే 16 గంటలు ముందుంటుంది. టోక్యోలో సాయంత్రం 5 అంటే శాన్‌ఫ్రాన్సిస్కోలో అదే రోజు తెల్లవారుజాము 1. దానికి తొమ్మిదిన్నర గంటల ప్రయాణం కలపండి, పదిన్నర. వచ్చేటప్పుడు దానికి బదులు తీరిపోతుంది, ఉదయం 11కి శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎక్కితే, ఎదురుగాలిలో పదకొండు గంటలు ప్రయాణించి, టోక్యోలో మర్నాడు మధ్యాహ్నం 2కి దిగుతారు. పసిఫిక్ మధ్యలో తేదీ రేఖ ఉంది, దాన్ని దాటినప్పుడల్లా క్యాలెండర్ మారుతుంది.

ప్రయాణం నిజంగా ఎన్ని గంటలో తెలియాలంటే రెండు టైములనీ ఒకే ఊరి గడియారంలోకి మార్చి తీసివేయాలి. మనవాళ్లకి ఐఎస్‌టీలోకి మార్చుకోవడమే తేలిక. ఇక్కడ ఒక మెలిక ఉంది, ఏటా ఎంతోమంది దీంట్లో తికమక పడతారు: అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకి జరుపుతారు, బ్రిటన్‌లో మార్చి చివరి ఆదివారం. ఆ రెండు మూడు వారాలు న్యూయార్క్‌కీ లండన్‌కీ తేడా 5 గంటలు కాదు, 4 మాత్రమే. శరదృతువులో బ్రిటన్ అక్టోబరు చివరి ఆదివారం, అమెరికా నవంబరు మొదటి ఆదివారం వెనక్కి జరుపుతాయి, ఆ వారం మళ్లీ ఇదే గొడవ. మన గడియారం ఎప్పుడూ కదలదు కాబట్టి న్యూయార్క్ మనకి వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర గంటలు వెనక. ఎయిర్‌పోర్టుకి కారు పంపే చుట్టాలకి టైము చెప్పేముందు ఇది చూసుకోండి.

ప్రశ్న: టికెట్‌లో ఏడున్నర గంటలు అని ఉంది. పైలట్ మైకులో ‘ఆరు గంటల పది నిమిషాల్లో దిగుతాం’ అన్నాడు. తీరా ముందే దిగాక గేటు ఖాళీ లేదని అరగంట నిలబెట్టారు. ఎవరి మాట నమ్మాలి? (లండన్ నుంచి ఒక తెలుగు పాఠకుడు)

జవాబు: ఇద్దరి మాటా. పైలట్ చెప్పింది గాల్లో ఉండే టైము. టికెట్ మీద ఉన్నది గేటు నుంచి గేటుకి. జేఎఫ్‌కేలో సాయంత్రం రద్దీలో విమానాలు బారులు తీరి ఉంటాయి, చక్రాలు కదిలాక ముప్పై, నలభై నిమిషాలకి గానీ పైకి లేవకపోవడం మామూలే. హీత్రూ మీద తెల్లారగానే వచ్చేవి ఎక్కువ, గాల్లో గుండ్రంగా తిప్పుతూ ఆపుతారు. ఇవన్నీ కలిపి, ఇంకాస్త చేర్చి టైమ్‌టేబుల్ వేస్తారు. ఆ ‘ఇంకాస్త’లో కొంచెం గడుసుతనం ఉంది: చెప్పిన టైముకి పదిహేను నిమిషాలలోపు వస్తే దాన్ని ఆలస్యంగా లెక్కేయరు, కాబట్టి ముందే ఎక్కువ చెప్పేస్తే ఎప్పుడూ వేళకే వచ్చినట్టు. మన రైళ్లకి చివరి రెండు స్టేషన్ల మధ్య ఎంత టైము ఇస్తారో ఎప్పుడైనా గమనించారా, ఇదీ ఆ బాపతే. లండన్‌లో దిగి వేరే విమానం అందుకోవాలంటే టికెట్ మీద ఉన్న టైమునే నమ్ముకోండి, పైలట్ ఉత్సాహాన్ని నమ్ముకుని షాపింగ్ ప్లాన్ వేయకండి.

ప్రశ్న: కాంకార్డ్ విమానం ఉన్నప్పుడు న్యూయార్క్–లండన్ మధ్య ఎంతసేపట్లో పోయేవాళ్లు? (తిరుపతి)

జవాబు: మామూలుగా మూడున్నర గంటలు. రికార్డు 1996 ఫిబ్రవరి 7న, జేఎఫ్‌కే నుంచి హీత్రూకి 2 గంటల 52 నిమిషాల 59 సెకన్లు. ధ్వనికి రెండింతల వేగం కాబట్టి లండన్‌లో పొద్దున పదిన్నరకి ఎక్కితే న్యూయార్క్‌లో అక్కడి టైము తొమ్మిదిన్నరకల్లా దిగేవాళ్లు. ఇంధనం విపరీతంగా తాగేది, టికెట్ మనలాంటివాళ్లం ఊహించలేనంత, నేల మీద ఎగిరితే ఆ పెళపెళ శబ్దానికి జనం ఒప్పుకునేవారు కాదు. 2003లో ఆపేశారు.

ప్రశ్న: మా అల్లుడుగారు, అమ్మాయి లండన్ నుంచి న్యూయార్క్ పోతుంటే ఫోన్ యాప్‌లో విమానం చూస్తూ కూర్చున్నాను. ఐర్లాండ్ దాటాక కాసేపటికి విమానం గీత చుక్కలు చుక్కలుగా అయిపోయింది, తర్వాత ఎత్తు, వేగం అంకెలు మారడం ఆగిపోయాయి. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. విమానం కనబడకుండా పోతే మరి వాళ్లకి ఎలా తెలుస్తుంది? (తెనాలి)

జవాబు: పోయింది విమానం కాదండీ, యాప్‌కి అందే సిగ్నలు. విమానం తానెక్కడుందో రేడియోలో ప్రకటిస్తూ ఉంటుంది, దాన్ని నేల మీద ఉన్న చిన్న రిసీవర్లు పట్టుకుని యాప్‌కి పంపుతాయి. ఒక్కో రిసీవర్‌కి మహా అయితే నాలుగొందల కిలోమీటర్ల దాకా వినిపిస్తుంది. నడిసముద్రంలో రిసీవర్ ఎవరు పెడతారు? అందుకని తీరం దాటాక యాప్ చివరిసారి విన్న వేగం, దిక్కు పట్టుకుని ఇప్పుడు ఇక్కడ ఉండొచ్చని అంచనా వేసి బొమ్మని జరుపుతూ ఉంటుంది. ఆ చుక్కల గీత అంచనా అన్నమాట.

కంట్రోల్ రూమ్‌ వాళ్లు మీ యాప్ మీద ఆధారపడరు. అక్కడ రాడార్ అందకపోయినా, విమానం ఉపగ్రహం ద్వారా తన చోటు షాన్‌విక్‌కీ గాండర్‌కీ చెబుతూనే ఉంటుంది, 2019 నుంచి అట్లాంటిక్ మీద ఆ రేడియో ప్రకటనలని ఉపగ్రహాలే నేరుగా వింటున్నాయి. ముప్పై డిగ్రీల పశ్చిమ రేఖాంశం దగ్గర బాధ్యత ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మారుతుంది. మీ యాప్‌లో చుక్కల గీత కెనడా తీరం దగ్గర మళ్లీ మామూలు గీత అవుతుంది, అప్పుడు బొమ్మ ఒక్కసారిగా ముందుకో వెనక్కో గెంతినా కంగారు పడకండి, అంచనా సరిదిద్దుకుంటోందంతే. లండన్‌లో ఎక్కింది మధ్యాహ్నమైతే ఆ వేళకి తెనాలిలో రాత్రి పది దాటి ఉంటుంది. అల్లుడుగారిని దిగాక ఒక మెసేజ్ పెట్టమని ముందే చెప్పి, ఫోన్ పక్కన పెట్టేయండి.